సగం కమాన్‌కి చిల్మన్

పోయిన రంజాన్ తర్వాత అమ్మీ దాలాన్‌లో కూర్చోవడం మానేసింది. అడిగితే "మోకాళ్ల నొప్పి బేటా" అంది. అసలు సంగతి మోకాళ్లు కాదు, ఖిడ్కీ. మా ఇంటి వెనక పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేపారు. దాని బాల్కనీలు సరిగ్గా మా దాలాన్ ఖిడ్కీకి ఎదురుగా వచ్చాయి. ఇన్నేళ్లూ తస్బీ తిప్పుకుంటూ, బియ్యం ఏరుకుంటూ, గల్లీలో పోయేవాళ్లని చూసుకుంటూ కూర్చున్న జాగా అమ్మీకి ఒక్కసారిగా బజార్ అయిపోయింది.

పరదా వేస్తే సరిపోదా అంటారు. మేమూ అదే అనుకున్నాం. కానీ మా ఖిడ్కీ మామూలు ఖిడ్కీ కాదు. మర్హూం దాదా కట్టించిన ఇంట్లో దాలాన్‌కి ఒక పెద్ద కమాన్ ఉండేది. ముప్పై ఏళ్ల కింద అబ్బా, చాచా వేరుపడ్డప్పుడు బట్వారా గోడ ఆ కమాన్ నడుమ నుంచే లేచింది. సగం మాకు, సగం చాచా వాళ్లకి. ఇప్పుడు మా ఖిడ్కీకి ఒక పక్క నిలువు గోడ, ఇంకో పక్క కిందికి జారే వంపు. కర్టెన్ల దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి మూడుసార్లు టేపు పెట్టి కొలిచి, "వంపుకి రాడ్ రాదు అన్నా. పైన సీదా రాడ్ కొట్టి, మోటా కర్టెన్ నేల దాకా దించేద్దాం" అన్నాడు. భాయ్‌జాన్ ఇంకా సులువైన తరీఖా చెప్పాడు. ఇటుకలు పెట్టి మూసేసి ఏసీ పెట్టిద్దామన్నాడు. అమ్మీ "మీ ఇష్టం" అంది. ఆ ఇష్టంలో ఆమె ఇష్టం లేదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నాకో సవాల్ పుట్టింది. కమాన్ లేని ఇమారత్ కట్టని మన బుజుర్గులు ఆ కమాన్లకి పరదాలు ఎలా కట్టుకున్నారు?

జవాబు కోసం మొదట అహ్మదాబాద్ గుర్తు చేసుకోవాలి. అక్కడ సిదీ సయ్యద్ మసీదు 1572-73లో కట్టింది. దాని వెనక గోడలో అర్ధచంద్రం లాంటి కమాన్లు ఉన్నాయి. గుడ్డ నిలవని ఆ వంపుని రాతి జాలీతో నింపేశారు. ఒక జాలీలో కొమ్మలు అల్లుకున్న చెట్టు. గుజరాత్ పేరు చెప్పగానే చాలామందికి ఇప్పటికీ ఆ చెట్టే గుర్తొస్తుంది. అంత దూరం పోలేకపోతే మన హైదరాబాద్‌లోనే పీసల్ బండా దగ్గర పాయిగా మక్బరాలు చూడండి. గచ్చుతో చేసిన జాలీలు, ఎన్నో రకాల నక్షాలు. వంపు ఎక్కడ తిరిగితే నక్షా అక్కడ తిరుగుతుంది. ఖిడ్కీని పరదాకి సరిపెట్టలేదు వాళ్లు, పరదానే ఖిడ్కీ ఆకారంలో కట్టారు.

జాలీ పనిచేసే హిక్మత్ సాదాది. పగలు బయట ఎండ, లోపల నీడ. బయటి మనిషికి చిల్లుల వెనక చీకటే కనిపిస్తుంది. లోపల దగ్గరగా కూర్చున్న మనిషికి బయటి దునియా అంతా కనిపిస్తుంది. పైగా చిల్లులు గాలిని ఆపవు. జైపూర్ హవా మహల్ 1799లో కట్టింది. దానికున్న 953 చిన్న ఖిడ్కీల లెక్క కూడా ఇదే. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ చిల్లుల వెనక కూర్చున్న బేగంలకీ, రాణులకీ బజార్ కనిపించేది, ఆ బజార్‌లోకి దిగే ఇజాజత్ మాత్రం ఉండేది కాదు. ఖిడ్కీ ఖూబ్‌సూరతీని మెచ్చుకుంటూ ఆ మజ్బూరీని మర్చిపోకూడదు.

రాయి చెక్కించే తాహత్ అందరికీ ఉండదు కదా. అందుకే చిల్మన్. సన్నగా చీల్చిన వెదురు పుల్లల్ని దారంతో వరసగా కట్టి, పైనుంచి వేలాడదీస్తే అదే గరీబోళ్ల జాలీ. నవాబుల డ్యోఢీల్లోనూ ఉండేది, మామూలు ఇళ్లలోనూ ఉండేది. పొద్దున చుట్టి పైకి కట్టేయొచ్చు, మధ్యాహ్నం దించొచ్చు. దాని కమ్జోరీ ఒక్కటే, రాత్రి. లోపల దీపం వెలిగిస్తే లెక్క తిరగబడుతుంది, బయట చీకట్లో నిలబడ్డవాడికి లోపలంతా సాఫ్‌గా కనిపిస్తుంది. అందుకే చిల్మన్ వెనక మందపాటి గుడ్డ పరదా ఇంకోటి ఉండేది. మగ్రిబ్ వేళకి అది దిగేది.

వేసవికి వేరే ఇంతెజామ్. వట్టివేళ్లతో అల్లిన ఖస్ తట్టీలు ఖిడ్కీలకీ దర్వాజాలకీ కట్టి నీళ్లు చల్లేవాళ్లు. బయటి వేడిగాలి తడి వేళ్ల నుంచి దూరి చల్లగా, ఖుష్బూతో లోపలికొచ్చేది. అక్బర్ దర్బార్ సంగతులు రాసిన అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో ఈ తట్టీల ప్రస్తావన ఉంది. ఇప్పటి కూలర్ పనిచేసే పద్ధతీ అదే, తేడా అల్లా కరెంట్ ఫ్యాన్. తర్వాత ఫిరంగీల జమానాలో జిల్‌మిల్ వచ్చింది. ఏటవాలు చెక్కల వరస, పుల్లని పైకీ కిందికీ జరిపితే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. కమాన్ పైభాగంలో రోషన్‌దాన్, దానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజు. నడుమ కీలు మీద తిరిగే తలుపు, తెరవడానికి తాడు. పైకి లేచిన వేడి అక్కడి నుంచి బయటికి పోయేది.

ఇక గుడ్డ పరదా సంగతి. పరదా అనే మాట ఫారసీది గానీ, దాని కథలో మన తెలుగు గడ్డకి పెద్ద హిస్సా ఉంది. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం తీరంలో తయారైన కలంకారీ గుడ్డలు డేరాలకీ, మహళ్ల గోడలకీ పరదాలుగా వేలాడేవి. వాటి మీద గీసిన నక్షాల్లో తరచూ కనిపించేది ఏమిటనుకున్నారు? కమాన్, కమాన్ లోపల పూల మొక్క. ఈ కోరమండల్ తీరం గుడ్డలు ఓడలెక్కి ఇరాన్‌కీ, యూరప్‌కీ పోయాయి. అక్కడి మంచాలకీ, గదులకీ పరదాలయ్యాయి. వాళ్ల నేతగాళ్లు, వ్యాపారులు గోల పెట్టేంతగా అమ్ముడుపోయాయి. ఫ్రాన్స్ 1686లో అద్దకం గుడ్డల మీద పాబందీ పెట్టి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1701 నుంచి ఒక కానూన్, 1721లో ఇంకా గట్టిది తెచ్చింది. ఇప్పుడు మనం దుకాణంలో ప్లాస్టిక్ దారం కర్టెన్ ముందు నిలబడి "ఇంపోర్టెడ్ ఉందా" అని అడుగుతున్నాం!

ఇదంతా చదివి, చూసి నాకు అర్థమైంది ఒక్కటే. ఖిడ్కీలోంచి మూడు వస్తాయి. రోష్నీ, హవా, నజర్. బుజుర్గులు మూడింటి హిసాబ్ విడివిడిగా చేశారు. వెలుగుకి గాజు, గాలికి రోషన్‌దాన్, నజర్‌కి జాలీయో చిల్మనో, రాత్రికి గుడ్డ. మనం ఒక్క మోటా కర్టెన్‌తో నజర్‌ని ఆపబోయి మిగతా రెండింటినీ చంపేస్తున్నాం. పరాయి ఇంట్లోకి పోయే ముందు ఇజాజత్ అడగాలని సూరె నూర్ నేర్పింది. ఇంట్లో ఉన్న మనిషికి తన ఇంట్లో నిమ్మళంగా కూర్చునే హక్ ఉందని కదా దానర్థం. ఆపాల్సింది బయటి నజర్‌ని. అమ్మీ నజర్‌ని కాదు.

అందుకని రాడ్‌ని పైన కొట్టించలేదు. నిలువు గోడ అయిపోయి కమాన్ వంపు మొదలయ్యే చోట అడ్డంగా ఒక కర్ర పట్టీ వేయించాను. దాని కింద ఖిడ్కీ సీదా చౌకోరం, ఏ కొలతైనా కుదురుతుంది. అక్కడ బయటి వైపు చిల్మన్, లోపలి వైపు రాత్రికి కాటన్ పరదా. పట్టీ పైన మిగిలిన సగం వంపుకి అట్టముక్క ఆనించి, పెన్సిల్‌తో వంపు గీసి, ఆ అట్టనే వడ్రంగికి ఇచ్చాను. టేపుతో వంపు కొలిస్తే తప్పు వస్తుంది, అట్టతో రాదు. దానికి చెక్క చట్రం, మసక గాజు, పైబాల్కనీ నుంచి చూసినా వెలుగే తప్ప మనిషి కనపడకుండా. నడుమ ఒక చిన్న పలక కీలు మీద తిరుగుతుంది, తాడుంది. ఖర్చు ఏసీ కంటే చాలా తక్కువ.

వెదురు అల్లే ముసలాయన చిల్మన్ తెచ్చి కట్టిన రోజు అమ్మీ వచ్చి చూసింది. నన్ను గల్లీలోకి పంపి "కనిపిస్తున్నానా?" అని అడిగింది. కనిపించలేదు. మేడ మీదికి ఎక్కించి అక్కడి నుంచీ చూడమంది. కనిపించలేదు. "నువ్వు మాత్రం కనిపిస్తున్నావు, చెప్పులు సరిగ్గా వేసుకో" అంది. సాయంత్రానికి బియ్యం చాట దాలాన్‌లోకి వచ్చింది.

వారం తర్వాత చాచీ మనవణ్ని పంపింది. బాల్కనీల బాధ వాళ్లకీ ఉంది కదా. ముప్పై ఏళ్లలో ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఈద్ సేమియా తప్ప పెద్దగా ఏదీ రాలేదు. "దాదీ ఆ చిల్మన్ కొలత అడిగి రమ్మంది" అన్నాడు వాడు గుమ్మంలో నిలబడి. అటక మీద దాచిన అట్ట తీసి ఇచ్చాను. కమాన్ ఒకటే, మీ సగానికి దీన్ని తిరగేసి పెట్టుకుంటే చాలని చెప్పమన్నాను.