దోషమును తెలుపు దీపము

పూర్వము మోటారు కారు జబ్బు చెవికిని ముక్కునకును తెలియుచుండెను. ఇంజను దడదడలాడిన, పనివాడు మూత యెత్తి చూచి, కార్బురేటరు మరను ఒక త్రిప్పు త్రిప్పి, ప్లగ్గులు తుడిచి, పాయింట్లు సరిచేసి పంపెడివాడు. నేడట్లు కాదు. నడపువాని యెదుటి పలకపై పసుపుపచ్చని దీపమొకటి వెలుగును. కారు బాగుగనే నడచుచుండును, దీపము మాత్రమారదు. సెన్సారు పోయినదని పనివాడు చెప్పును. వేలకు వేలు పోసి క్రొత్తది వేయించిన వారమునకే దీపము మరల వెలుగును. ఈ దీపమెందుకు పుట్టినది? ఇది చెప్పుమాటకు అర్థమేమి? గృహస్థుడీ ప్రశ్న లడుగుట న్యాయము.

దీని పుట్టుక కారు సుఖము కొరకు కాదు, గాలి కొరకు. 1940వ దశకమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును కన్నులు మండించు పొగమంచు క్రమ్మసాగెను. కార్ల పొగలోని హైడ్రోకార్బనులును నత్రజని ఆక్సైడులును ఎండ తగిలి మార్పు చెందుటయే ఇందులకు ముఖ్యకారణమని, హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి కొలది యేండ్లలో నిరూపించెను. 1970లో అమెరికా ప్రభుత్వము వాయుశుద్ధి శాసనమును కఠినము చేసి, క్రొత్త కార్ల నుండి వెలువడు ముఖ్యమైన విషవాయువులను నూటికి 90 వంతులు తగ్గింపవలెనని విధించెను.

పొగగొట్టములో నమర్చు కెటలిటిక్ కన్వర్టరు ఈ వాయువులను శుద్ధిచేయగలదు. కాని దానికొక నియమము కలదు. ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి చొప్పున, ఎక్కువ తక్కువలు లేక ఇంజనులో కలియవలెను. ఇంత ఖచ్చితము కార్బురేటరుకు సాధ్యము కాదు. 1967లో జర్మనీ దేశపు బాష్ సంస్థ విద్యుత్ సాధనములతో పెట్రోలును చిమ్ము పద్ధతిని ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టెను. 1976లో అదే సంస్థ చేసిన ఆక్సిజన్ సెన్సారు స్వీడనుకు చెందిన వోల్వో కార్లలో తొలిసారి అమరెను. జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థముతో చేసిన చిన్న తొడుగు అది. ఒక ప్రక్క పొగ, మరొక ప్రక్క బయటి గాలి. రెండింటి ఆక్సిజనులో భేదమున్న, ఒక వోల్టునకు లోపుగ విద్యుత్తు పుట్టును. దానిని చూచి కంప్యూటరు పెట్రోలును హెచ్చించును, తగ్గించును.

అయితే ఈ సెన్సారు ముదిరినను కారు ఆగిపోదు. గాలి మాత్రము చెడును. యజమానికి తెలియదు. కనుక లోపమును కారే కనిపెట్టి దీపముతో తెలుపవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నుండి నిర్బంధించెను. 1996 నాటికి అమెరికాలో అమ్ముడగు క్రొత్త కార్లన్నిటికిని 16 సూదుల సాకెట్టు ఒకే తీరున నుండవలెననియు, ముఖ్య దోషములకు అందరును ఒకే సంకేత సంఖ్యలు వాడవలెననియు ఏర్పాటయ్యెను. మన దేశమునను ఇట్టి పద్ధతి 2010 ఏప్రిల్ నుండి ఒక మెట్టు, 2013 ఏప్రిల్ నుండి రెండవ మెట్టుగ అమలులోనికి వచ్చెను.

ఇక ఖర్చు సంగతి. సంకేత సంఖ్య లక్షణమును చెప్పునే గాని, చెడిన భాగము పేరు చెప్పదు. పి 0171 అను సంఖ్యకు ఇంజనులో పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు హెచ్చినదని మాత్రమే అర్థము. రబ్బరు గొట్టము పగిలి గాలి చొరబడవచ్చును. పెట్రోలు పంపు బలహీనపడవచ్చును. గాలిని కొలుచు సెన్సారునకు మురికి పట్టవచ్చును. సాక్ష్యమిచ్చినదే గదా యని ఆక్సిజన్ సెన్సారును పెరికివేయుట, జ్వరము తగ్గుటకు జ్వరమానిని మార్చుట వంటిది. సెన్సారులు చెడవని కాదు. వేడికి మసికి అవియు అరుగును. చెడినదని పరీక్షించి తేల్చినపిమ్మటనే మార్చవలెను.

ఆ పరీక్షకు కావలసిన పుస్తకములు, పరికరములు ఎవరి చేతిలో నుండవలెనను తగవు ఇందుండియే పుట్టెను. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటువేసి, ఆ సమాచారము బయటి పనివారికిని దొరకవలెనని నిర్ణయించిరి. మన దేశమున 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, విడిభాగములను, మరమ్మతు సమాచారమును బయటి పనివారికి అందకుండ చేసినందులకు 14 కారు కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించెను. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు కొరకు ఒక ఇంటర్నెట్ వేదికను తెరచెను.

కోర్టులలో తగవు ఎట్లు తేలినను, ఇంటి యజమాని చేతిలో మూడు ప్రశ్నలున్నవి. కనబడిన సంకేత సంఖ్య యేది? తీగలను, గొట్టములను పరీక్షించితిరా? తీసివేసిన పాత భాగమేది? సంఖ్యను కాగితముపై వ్రాయించుకొని, పాత భాగమును అడిగి తీసికొనుట మంచిది. నేర్పరియైన పనివాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. అతడు వెచ్చించిన పరీక్షాకాలమునకు కూలి ఇచ్చుటకు మనమును వెనుదీయరాదు. అక్కరలేని సెన్సారు వెలకన్న అది సాధారణముగ చౌకయే.