కరిగి పేరుకునే గోడ

డిసెంబరు చలికి సీసాలో కొబ్బరినూనె పేరుకుపోతుంది. తలకు రాసుకోవాలంటే సీసాను కాసేపు ఎండలో పెట్టాలి, లేదా వేడినీళ్ల చెంబులో నిలబెట్టాలి. 24 డిగ్రీలు దాటితే ఆ నూనె కరుగుతుంది. కరుగుతున్నంతసేపూ చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది గానీ తాను పెద్దగా వేడెక్కదు. మళ్లీ పేరుకునేటప్పుడు ఆ వేడిని వదిలేస్తుంది. ఇలాంటి గుణమున్న పదార్థాన్ని గోడకు పూసే మాలులోనే కలిపితే పగటి వేడిని గోడ మింగేస్తుంది. ఇంజినీర్లు వీటిని ఫేజ్ ఛేంజ్ మెటీరియల్స్ అంటారు, పొట్టిగా పీసీఎం. వీటి కథను మొదటి నుంచి చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. కరిగించడం ఎప్పుడూ సులువే. కరిగినదాన్ని పట్టి ఉంచడం, తిరిగి పేరుకునేలా చేయడం దగ్గరే ప్రతి తరమూ తడబడింది.

మంచు కరిగి నీరయ్యేదాకా ఎంత వేడి ఇచ్చినా థర్మామీటరు కదలదన్న విషయాన్ని 1760ల మొదట్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ లెక్కగట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం పేరుతో చదువుకున్నది అదే. కిలో మంచును కరిగించే వేడితో కిలో నీటిని 80 డిగ్రీల మేర వేడెక్కించవచ్చు.

ఆ సూత్రం మీద ఆధారపడి ఒక ఇంట్లో మనుషులు కాపురం ఉండటానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్‌లో ముగ్గురు స్త్రీలు ఆ పని చేశారు. హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త మరియా టెల్కెస్ పథకం వేసింది, ఎలియనోర్ రేమండ్ ఇంటికి రూపమిచ్చింది, అమీలియా పీబాడీ డబ్బు పెట్టింది. పై అంతస్తు దక్షిణపు ముఖమంతా గాజు. దాని వెనక వేడెక్కిన గాలిని ఫ్యాన్లు గోడల మధ్య గదుల్లోకి తోసేవి. అక్కడ డబ్బాల నిండా గ్లాబర్ ఉప్పు, మొత్తం సుమారు 21 టన్నులు. ఆ ఉప్పు 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చలికాలం రాత్రి అది పేరుకుంటూ వదిలే వేడే ఇంటికి వెచ్చదనం. టెల్కెస్ బంధువుల కుటుంబమే అందులో ఉండేది.

రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడోదానికి ఇల్లు చల్లబడింది. ఒక డబ్బాలో ఏం జరిగిందో చూస్తే కారణం తెలుస్తుంది. గ్లాబర్ ఉప్పు తనలో నీటిని ఇముడ్చుకున్న స్ఫటికం. వేడి తగిలితే ఆ నీరు విడివడుతుంది, అయితే ఉప్పంతా అందులో కరగదు. కొంత తెల్లటి మడ్డిలా అడుగున కూర్చుంటుంది. చల్లబడినప్పుడు పైనున్న నీరు అడుగునున్న ఉప్పును చేరుకోలేదు. ప్రతి విడతా పేరుకునే భాగం తగ్గుతూ పోతుంది. దానికి తోడు డబ్బాలు తుప్పుపట్టి కారాయి. చివరికి మామూలు హీటర్ పెట్టుకోక తప్పలేదు. దీన్ని ఓటమి అని కొట్టిపారేయడం అన్యాయం. ఈ రంగానికి అసలు ప్రశ్న ఏమిటో తేల్చిచెప్పింది ఆ ఇల్లే.

1973 చమురు సంక్షోభం తర్వాత పరిశోధకులు డబ్బాలు వదిలి గోడనే పాత్రగా మార్చాలని చూశారు. మాంట్రియల్‌లోని కాంకార్డియా విశ్వవిద్యాలయంలో ఫెల్డ్‌మన్ బృందం 1980లు, 90లలో జిప్సం పలకలకు బ్యూటైల్ స్టియరేట్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టించింది. వేడిని దాచుకునే శక్తి బాగా పెరిగింది. కానీ ద్రవాన్ని పీల్చుకున్న పలక దాన్ని చెమర్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పైగా కొవ్వు మండుతుంది.

చిక్కు విడిపోయింది మరెక్కడో, కాగితం మీద. కార్బన్ పెట్టకుండానే కింది పేజీకి అచ్చు దిగే రసీదు పుస్తకాలు మనకు తెలుసు. 1950ల్లో డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ తదితరులు రంగుద్రవాన్ని కంటికి కనిపించని గుళికల్లో బంధించారు. పెన్ను ఒత్తిడికి గుళిక పగులుతుంది, అక్షరం పడుతుంది. గోడకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు: ఎన్నటికీ పగలని గుళిక. జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ, ఫ్రైబర్గ్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ కలిసి 2000 ప్రాంతంలో దాన్ని సాధించాయి. యాక్రిలిక్ పొర లోపల పారఫిన్ మైనం. చేత్తో పట్టుకుంటే మెత్తటి తెల్లటి పొడి. ప్లాస్టరు సంచిలోనే కలిసి వస్తుంది, మేస్త్రీ నీళ్లు పోసి తాపీతో పూసేయవచ్చు. కిలో పారఫిన్ కరుగుతూ మింగే వేడి 20 కిలోల కాంక్రీటును దాదాపు 10 డిగ్రీలు వేడెక్కించగలదు. పాతకాలపు మందపాటి మట్టిగోడ చేసే పనిలో కొంత ఇక పల్చటి పూతతోనే అవుతుంది.

మాలు మాత్రం ఊరికే లొంగలేదు. అంత మెత్తటి పొడి నీళ్లు ఎక్కువ తాగుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆరాక సందులు మిగులుతాయి, బలం తగ్గుతుంది. పోర్చుగల్‌లోని మిన్యో విశ్వవిద్యాలయంలో సాండ్రా కున్యా, జోసె అగియార్ బృందం సిమెంటు, సున్నం, జిప్సం మాలులన్నిటిలోనూ గుళికలు కలిపి ఈ సంగతిని పరీక్షించింది. గోడ బరువు మోయనక్కర్లేని లోపలి పూతకు ఈ మాలు సరిపోతుంది. దీని చోటు అదే.

అసలు ఎండలో పరీక్ష స్పెయిన్‌లోని యెయిదా దగ్గర జరిగింది. లూయిసా కబెసా బృందం ఒకేలాంటి రెండు కాంక్రీటు గదులు కట్టి, ఒకదానిలో 26 డిగ్రీల దగ్గర కరిగే గుళికలు కలిపింది. 2007లో ఫలితాలు ప్రచురించారు. గుళికలున్న గోడకు గరిష్ఠ వేడి సుమారు 2 గంటలు ఆలస్యంగా చేరింది. అయితే వేసవి ముదిరినప్పుడు రాత్రి చల్లదనం చాలక మైనం పూర్తిగా పేరుకునేది కాదు. పేరుకోని మైనం మర్నాడు కరగడానికేం ఉంటుంది? తర్వాత అదే బృందం ఎండ నేరుగా పడకుండా గదులకు గుడ్డ చలువపందిరి వేసి చూసింది. మైనం పనిచేసే సమయం కొంత పెరిగింది.

యూరప్ కోసం 23, 26 డిగ్రీలకు కుదిర్చిన మాలును తెచ్చి మన గోడలకు పూస్తే ఏమవుతుందో కొబ్బరినూనెను అడిగితే చాలు. మే నెల విజయవాడలో అలమరలోని సీసా పగలూ రాత్రీ నీళ్లలాగే ఉంటుంది. గోడలో మైనమూ అలాగే ఉంటుంది. ఇక్కడికి ఇంకా ఎక్కువ వేడి దగ్గర కరిగే రకం కావాలి, రాత్రి కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి, అంతకంటే ముందు పైకప్పు మీద పడే ఎండను ఆపాలి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆ చివరి పని కోసమే. తెల్లపూత వేసిన ఆ మిద్దెల కింది గదుల్లో ఏ మాలు ఏ రాత్రికి పేరుకుంటుందో, యెయిదాలోలా రెండు గదులు పక్కపక్కన కట్టి చూడాల్సింది ఇక్కడి ఎండలోనే.