రాజధానికి వచ్చిన తోలుపడవ

కృష్ణా తుంగభద్రా తీరాల వారికి పుట్టిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. వెదురుబద్దలను పెద్ద గంపవలె అల్లి, దానికి తోలు తొడిగితే పుట్టి అవుతుంది. లోపల ఎముకల గూడువంటి చట్రం, వెలుపల చర్మం: నిర్మాణ రహస్యమంతా ఇంతే. భూగోళానికి ఉత్తరపు కొసన, చెట్టన్నది మొలవని మంచుదేశాలలో, ఇదే రహస్యాన్ని ఆధారం చేసుకొని మరొక జాతివారు మరొక పడవను నిర్మించారు. మన పుట్టి గుండ్రనిది. పదిమందినీ, పదిబస్తాలనూ మోసేది. వారి పడవ సన్నగా, పొడవుగా, నీటిపై వ్రాలిన కదురువలె ఉంటుంది. ఒక్క మనిషినే మోస్తుంది. దాని పేరు కయాక్.

ఈనాడు ప్రపంచంలో అనేక నగరాలలో ఈ పడవ వినోదసాధనమయింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు సాయంకాలం పని ముగించుకొని వచ్చి, గంటకింత అని అద్దె చెల్లించి, నగరం నడిబొడ్డున కాలువలలో కయాకు నడుపుతారు. కొత్తవారు ఈ విద్యలో ఎట్లా అడుగుపెడతారో చెప్పడమే నా ఉద్దేశము. అయితే ఆ నగరపు నీటిపై మొట్టమొదట కయాకు నడిపినవారు వినోదానికి వచ్చినవారు కారు. కనుక కథను వారితోనే ప్రారంభించవలసి ఉన్నది.

గ్రీన్లాండులో కయాకు అంటే వేటగాని బ్రతుకు. అక్కడ కలప లేదు. సముద్రం ఒడ్డుకు త్రోసిన మ్రానులే కలప. ఆ ముక్కలను చెక్కి, తాళ్ళతో బిగించి పురుషులు చట్రాన్ని తయారు చేసేవారు. సీలు చర్మాలను నరపుదారంతో, నీటిచుక్క దూరకుండా కుట్టి, ఆ చట్రానికి తొడిగే పని స్త్రీలది. భర్త ప్రాణం భార్య కుట్టుమీద ఆధారపడి ఉండేదన్నమాట. పడవ కొలతలు నడిపేవాని శరీరాన్ని బట్టి ఉండేవి. ఒకరి చొక్కా మరొకరికి పట్టనట్లే ఒకరి కయాకు మరొకరికి సరిగా అమరదు. వేటగాడు తోలుకోటు తొడుక్కొని, దాని అంచును పడవ నోటిచుట్టూ బిగించి కట్టుకొనేవాడు. అప్పుడు మనిషి, పడవ ఏకశరీరమయ్యేవి. అల బోర్లాత్రోస్తే ఈది బయటపడే దారి సులభం కాదు. మంచునీటిలో ఈదినా ఎంతోసేపు బ్రతకడు. కాబట్టి తలక్రిందులైన పడవను కూర్చున్నవాడు కూర్చున్నట్లే తెడ్డువిసురుతో తిరిగి నిలబెట్టే విద్యను వారు సాధించారు. చేయి గాయపడినా, తెడ్డు చేజారినా లేవగలగాలని, ఒక్కొక్క ఆపదకు ఒక్కొక్క పద్ధతిని కల్పించుకొన్నారు. అయినప్పటికీ కయాకు ప్రమాదాలలో మరణించిన వేటగాండ్ల సంఖ్య ఆ దేశంలో తక్కువ కాదు.

1605వ సంవత్సరంలో డెన్మార్క్ రాజు నాల్గవ క్రిస్టియన్ మూడు నౌకలను గ్రీన్లాండుకు పంపాడు. పూర్వం అక్కడ కాపురముండి, పిమ్మట ఆచూకీ తెలియకుండా పోయిన నార్సు జాతివారిని వెదకడం, ఆ భూమి తనదని చాటడం ఆయన ఆశయాలు. నౌకలు తిరిగి వచ్చేటప్పుడు అక్కడి మనుష్యులను కొందరిని బంధించి, వారి కయాకులతో సహా కోపెన్‌హాగెన్‌కు చేర్చాయి. మరుసటి సంవత్సరం మరికొందరిని తెచ్చారు. స్పెయిన్ రాయబారి ఎదుట ఈ బందీల చేత ప్రదర్శన ఇప్పించారని ఆ శతాబ్దపు గ్రంథస్థ కథనం. పదహారు తెడ్ల పడవ ఒకటి శక్తికొద్దీ పరుగెత్తగా, ఒక్కొక్క మనిషి నడిపే ఈ తోలుపడవలు దానికి తీసిపోకుండా సాగాయట. సభవారు ఆశ్చర్యపడ్డారు, మెచ్చుకొన్నారు. కాని ఇంటికి మాత్రం పంపలేదు. అప్పుడు వారు ఆ కయాకులనే ఎక్కి పారిపోవడానికి ప్రయత్నించారు. స్వదేశం మూడువేల కిలోమీటర్లకు పైబడిన దూరం. కొందరు పట్టుబడి మళ్ళీ తేబడ్డారు. సముద్రంలో కనుమరుగైనవారు ఇల్లు చేరినట్లు ఏ దాఖలాలోనూ లేదు.

ఆ తరువాత రెండున్నర శతాబ్దాలపాటు యూరపు నగరాలకు కయాకు ఒక వింతవస్తువుగానే మిగిలింది. ప్రదర్శనశాలలలో దూలాలకు వ్రేలాడింది. దానిని నగరవాసి వినోదంగా మార్చిన ఘనత జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు దేశీయునికి దక్కుతుంది. లండనులో న్యాయవాది అయిన ఈయన 1865లో ఓకు కొయ్యతో పదిహేను అడుగుల పడవ చేయించి, దానికి 'రాబ్ రాయ్' అని పేరుపెట్టి, జర్మనీ, స్విట్జర్లండు, ఫ్రాన్సు నదులలో ఒంటరిగా సంచరించాడు. పైభాగం మూసి ఉండడం, రెండు కొసలా పలక గల తెడ్డు ఉండడం, ముందుకు చూస్తూ నడపడం: ఈ మూడూ ఉత్తరదేశపు వేటగాండ్ల నుండి వచ్చినవే. 1866లో ఆయన ప్రయాణగ్రంథం వెలువడింది. ఆ ఏడే లండనులో ఒక సంఘం కూడా వెలిసింది.

కాని కొయ్యపడవ ధనవంతుల సొత్తు. మేడమీద రెండుగదుల ఇంటిలో కాపురముండేవాడు పదిహేను అడుగుల పడవను ఎక్కడ దాచగలడు? నది దగ్గరకు ఎట్లా మోసుకొనిపోగలడు? నగరవాసికి అడ్డు నీటి భయం కాదు, ఇంటి ఇరుకు. ఈ చిక్కును విప్పినవాడు మ్యూనిక్ నగరంలో వాస్తుశాస్త్రం చదువుతున్న ఆల్‌ఫ్రెడ్ హాయ్‌రిక్ అనే విద్యార్థి. 1905లో అతడు వెదురుకర్రలతో చట్రం కూర్చి, తెరచాపగుడ్డ తొడిగి, విప్పి మడిచిపెట్టదగిన కయాకును తయారు చేసి, ఈసార్ నదిపై మ్యూనిక్ వరకు నడిపాడు. మన పుట్టి కట్టేవారు చూస్తే, ఈ వెదురూ ఈ తొడుగూ మాకు తెలిసినవే అని ఉందురు. 1907లో రోజన్‌హైమ్ అనే ఊరి దర్జీ యోహాన్ క్లెప్పర్ ఈ పద్ధతి హక్కులను కొని, తన కుట్టుపనితనాన్ని దానికి జోడించాడు. గ్రీన్లాండులో స్త్రీల సూదిమొన మీద నిలిచిన పడవ, జర్మనీలో దర్జీ సూదిమొన మీద మళ్ళీ నిలిచింది. రెండు సంచులలో ఇమిడే పడవను భుజాన వేసుకొని, రైలెక్కి, ఆదివారం పొద్దున నదిలో దిగి, సాయంకాలానికి మడిచి ఇల్లు చేరడం సామాన్య ఉద్యోగికి సాధ్యమయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో మడతకయాకులకు వేరుగా పందెములు కూడా జరిగాయి.

ఈ మడతకయాకులలో ఒకటి మన తీరాన్ని కూడా చూసింది. ఆస్కర్ స్పెక్ అనే జర్మను యువకుడు విద్యుత్పరికరాల పని చేసేవాడు. ఆర్థికమాంద్యం వల్ల జీవనం దెబ్బతిని, సైప్రస్ రాగిగనులలో పని వెదకుకొందామని 1932లో ఊల్మ్ నగరం వద్ద డాన్యూబు నదిలో దిగాడు. పోయినకొద్దీ పోవాలనిపించి, ఏడేండ్లపాటు తీరం వెంబడి సాగిపోయాడు. సింహళం దాటి, మద్రాసు మీదుగా కలకత్తా దిశగా వెళ్ళినప్పుడు మన తెలుగు కడలితీరమే అతని దారి. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవిని చేరుకొన్నాడు. అప్పటికే యుద్ధం మొదలైనందున శత్రుదేశీయుడని నిర్బంధించారు. కయాకు చరిత్రలో నిర్బంధం మరొకసారి ఎదురయింది.

ఇంతకూ యూరపువారు పడవను గ్రహించారు గాని, దానితోపాటు రావలసిన విద్యను చాలాకాలం గ్రహించలేదు. బోర్లాపడిన కయాకును లేవనెత్తే నేర్పు వారికి కట్టుకథవలె తోచేది. 1927లో ఆస్ట్రియా దేశీయుడు హాన్స్ పావ్లాటా, గ్రీన్లాండు వేటగాండ్లను గురించిన వర్ణనలను చదివి, తానే సాధన చేసి, ఒక సరస్సులో ఆ విద్యను సాధించాడు. ఒకవిధమైన తిప్పుడుకు నేటికీ ఆయన పేరే వాడుకలో ఉన్నది. అటు గ్రీన్లాండులో శాస్త్రపరిశోధనకై వెళ్ళిన గినో వాట్కిన్స్ అనే ఆంగ్ల యువకుడు ఏకంగా అక్కడి వేటగాండ్ల వద్దనే శిష్యరికం చేసి, వారితో సమానంగా సీలు వేటాడే స్థాయికి వచ్చాడు. 1932 ఆగస్టులో ఒకనాడు ఒంటరిగా వేటకు పోయాడు. తరువాత ఖాళీగా తేలుతున్న అతని కయాకు కనబడింది, మనిషి కనబడలేదు. అప్పటికి అతని వయస్సు ఇరవై అయిదు. నేర్పు ఎంత ఉన్నా చల్లని నీటిలో ఒంటరితనం ఎంతటి ప్రమాదమో ఈ ఒక్క మరణం చెబుతుంది.

ఇక నేటి కోపెన్‌హాగెన్‌కు వద్దాము. చాలాకాలం ఆ నగరపు రేవు కర్మాగారాల మురికితో, మురుగుకాలువల పొంగుతో నిండి ఉండేది. మురుగు రేవులో కలియకుండా కట్టుదిట్టం చేసిన తరువాత, 2002లో ఐలండ్స్ బ్రిగ్గె అనే పేటలో ఈతకు స్నానఘట్టమే తెరిచారు. నీరు బాగుపడగానే పడవలు వచ్చాయి. కొత్తగా చేరినవానికి మొదట ఇచ్చేది వెడల్పుగా, నిలకడగా ఉండే ప్లాస్టిక్ కయాకు. ఒడ్డుననే లైఫ్ జాకెట్టు తొడిగి, కాళ్ళు ఆనించే చోటు, మోకాళ్ళు అదిమే చోటు సరిచేస్తారు. శరీరానికి పడవ అమరాలన్న ఆ పాతసూత్రమే ఇది. తెడ్డు వేయడం చేతుల పని అని కొత్తవాడు అనుకొంటాడు; అరగంటలో భుజాలు నొప్పి పెట్టగానే తన పొరపాటు తెలుస్తుంది. నడుము నుండి మొండెం తిరగాలి. చేతులు ఆ బలాన్ని తెడ్డుకు అందించేవి మాత్రమే.

ఆ తరువాతి పాఠం చాలామందికి వింతగా తోస్తుంది. లోతు తక్కువైన చోట గురువు దగ్గర నిలబడి, పడవను కావాలని బోర్లించుకోమంటాడు. తలక్రిందులై, కంగారుపడక, నడుముచుట్టూ ఉన్న తొడుగును లాగివేసి, బయటపడి, పడవను విడువక పట్టుకోవాలి. ఇది వచ్చేదాకా పెద్ద నీటిలోకి పంపరు. వసంతంలో ఎండ వెచ్చగా ఉన్నా అక్కడి నీరు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది; ఉన్నట్లుండి పడితే ఊపిరి బిగబడుతుంది. కనుక దుస్తులు ఎండను బట్టి కాక నీటిని బట్టి ధరించాలి. ఒడ్డుకు దగ్గరగా, పెద్దపడవల దారికి తొలగి, తోడుతో నడపాలి. పడి లేవడమే అసలు విద్య అని గ్రీన్లాండు తండ్రులు కొడుకులకు చెప్పినదే ఈ గురువు చెబుతున్నాడు.

2017లో అదే నగరంలో మరొక పద్ధతి కూడా వచ్చింది: నీటిలో తేలే చెత్తను ఏరి తెచ్చేవారికి కయాకును ఉచితంగా ఇవ్వడం. ఒకప్పుడు నీటిని పాడుచేసిన నగరం, ఈ విధంగా ఆ బాకీలో కొంత తీర్చుకొంటున్నది.

అయితే నగరం తీర్చవలసిన బాకీ మరొకటి ఉన్నది. కొత్తవారు ఎక్కువగా నడిపే కాలువలలో క్రిస్టియన్స్‌హాన్ పేటలోనివి ముఖ్యమైనవి. ఆ పేటను 17వ శతాబ్దపు తొలిపాదంలో నెలకొల్పినవాడు ఆ నాల్గవ క్రిస్టియన్ రాజే. దానికి ఆయన పేరే. అద్దెపడవలో కూర్చుండి ఆ రంగురంగుల మేడలను తిలకించేవారిలో, బందీలై వచ్చి ఈ రేవులోనే తెడ్డు వేసినవారిని స్మరించేవారు ఎందరో చెప్పలేము.

గ్రీన్లాండులోనే 20వ శతాబ్దంలో మోటారుపడవలు వచ్చి, కయాకు వేట చాలాచోట్ల అంతరించింది. చట్రం కట్టడం తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. 1980ల దశకంలో ఆ దేశపు ముఖ్యనగరమైన నూక్‌లో యువకులు కొందరు మేల్కొని, సంఘంగా ఏర్పడి, మిగిలిన పెద్దలను ఆశ్రయించి, తాతల విద్యను అక్షరాభ్యాసం నుండి ప్రారంభించారు. తరువాత ఊరూరా సంఘాలు వెలిశాయి. ఇప్పుడు అక్కడ జరిగే పోటీలలో పడవను తిప్పి లేపే పద్ధతులు ముప్పైకి పైగా ప్రదర్శిస్తారు. చేయి గాయపడినవాడు లేచే పద్ధతి, తెడ్డు పోగొట్టుకొన్నవాడు లేచే పద్ధతి, అన్నీ అందులో ఉన్నాయి. తమ తాతల పడవను కొత్తగా ఎక్కి, మొదటి రోజున తామూ నీళ్ళు త్రాగి, లేచి, మళ్ళీ కూర్చున్నారు ఆ యువకులు. ఏ నగరంలోనైనా ఈ విద్యకు శ్రీకారం చుట్టదలచినవారికి వారికంటె మంచి మార్గదర్శకులు లేరు.