ఎవరూ గీయమనని గీత

న్యూయార్క్ సబ్‌వే బోర్డుల పైఅంచున ఒక గీత కనిపిస్తుంది. ఎవరూ గీయమనని గీత అది. 1960ల చివర యూనిమార్క్ సంస్థకు చెందిన మాసిమో విన్యెల్లి, బాబ్ నూర్డా బోర్డుల నమూనాలు తయారుచేసి ఇచ్చారు. బోర్డును పట్టి ఉంచే లోహపు పట్టీని వాటిలో నల్లగా చూపించారు. బోర్డులు తయారుచేసే వర్క్‌షాపువాళ్లు అదీ డిజైనే అనుకుని రేకు మీద నల్లరంగు పూసేశారు. 1970లో అచ్చయిన ప్రమాణాల పుస్తకంలో ఆ పొరపాటే నియమమై కూర్చుంది. ఏ అక్షరం, ఎంత పరిమాణం, ఏ బోర్డు ఎక్కడ అన్నవన్నీ తేల్చిన ఆ పుస్తకం తెరల కోసం నియమాలనూ విడిభాగాలనూ ఒకచోట చేర్చే నేటి డిజైన్ సిస్టమ్‌లకు ముత్తాతల్లో ఒకటి. ప్రయాణికుడు ఎటు వెళ్లాలో తేల్చుకునే చోటే సమాచారం ఉండాలి, ముందూ వద్దు, తర్వాతా వద్దు అన్న దాని సూత్రం ఫోన్ తెరకూ అతికినట్టు సరిపోతుంది.

తెర మీదికి ఈ ఆలోచన వేరే దారిన కూడా వచ్చింది. ముందే చేసి పెట్టుకున్న విడిభాగాలతో సాఫ్ట్‌వేర్ కట్టాలని డగ్ మెకిల్‌రాయ్ 1968లోనే జర్మనీలోని గార్మిష్ సదస్సులో వాదించాడు. 2011లో ట్విటర్ నుంచి బూట్‌స్ట్రాప్, 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ అలాంటి విడిభాగాలతోనే వచ్చాయి. ఇలాంటి సిస్టమ్‌లన్నీ పదిమంది చేసే పని ఒక్క తీరున ఉండాలని పుట్టినవే. మరి ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకునేవాడు ఒక్కడే సిస్టమ్ కట్టడం ఒంటిచేత్తో చప్పట్లు కొట్టడం కాదా? పైగా రెడీమేడ్‌వి ఉచితంగానే దొరుకుతుంటే మళ్లీ మొదటి నుంచీ ఎందుకు?

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. రెడీమేడ్ సిస్టమ్‌లో నిర్ణయాలు కనిపిస్తాయి, వాటి కారణాలు అంతగా కనిపించవు. 16 పిక్సెళ్ల అక్షరానికి 20 పిక్సెళ్ల వరుస ఎత్తు ఇంగ్లీషుకు సరిపోతుంది. అదే బటన్‌లో ‘రాష్ట్రం’ అని రాసి చూడండి: ష కింద వేలాడే ఒత్తులు అంచుకు తగులుతాయి, ఒక్కోసారి తెగిపోతాయి. వరుస ఎత్తు పెంచితే బటన్ పెరుగుతుంది, దాని పక్కనున్న గడి పొట్టిదైపోతుంది. ప్రతి కొలతకూ ఒక పేరు పెట్టి ఒకేచోట ఎందుకు దాస్తారో (టోకెన్ అంటారు దాన్ని) అప్పుడు అర్థమవుతుంది. మెటీరియల్ మార్గదర్శకాలు తెలుగును ఎక్కువ వరుస ఎత్తు కావలసిన లిపుల జాబితాలో వేశాయి. ఆ మాట చదివితే సమాచారం, తెగిన ఒత్తును సరిచేస్తే చదువు.

మొదటి అభ్యంతరం గట్టిదే. తన నియమాలను తానే తప్పుగా అర్థం చేసుకోవడం కష్టం. అయితే కట్టిన సిస్టమ్‌ను నెల రోజులు పక్కన పెట్టి, కోడ్ తెరవకుండా, రాసుకున్న వివరణ ఒక్కటే చూసి కొత్త పేజీ కట్టమనండి. కోడ్ తెరవక తప్పని ప్రతిచోటా వివరణలో చిల్లు ఉన్నట్టే. ఇదీ పూర్తి జవాబు కాదు, నల్లగీత లాంటి పొరపాటు బయటపడాలంటే పరాయి చెయ్యి కావాలి; ఒక్క స్నేహితుడి చేతికిచ్చినా చాలు. రంగుల నమూనాలు పేర్చడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవాళ్లకు మాత్రం ఈ రెండు పరీక్షలూ ఎదురుకావు.

న్యూయార్క్‌లో ఆ తర్వాత బోర్డుల రంగు తిరగబడింది. తెల్లని నేల నల్లబడింది, నల్లని అక్షరాలు తెల్లబడ్డాయి. గీతను మాత్రం ఎవరూ తీసెయ్యలేదు, దానికీ తెల్లరంగు వేశారు.