ఆర్డరుకూ పార్సిలుకూ నడుమ

1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు నేల మీది దారులన్నీ మూసేశాక, ఆ నగరాన్ని విమానాలతోనే పోషించాల్సి వచ్చింది. బొగ్గు, పిండి, పాలపొడి, మందులు. మొత్తమ్మీద విమానాలు 2,78,000 సార్ల దాకా ఎగిరి, 23 లక్షల టన్నుల సరుకు దించాయి. ఇంత సరుకు కదిలేటప్పుడు కాగితాలు కూడా పెద్ద చిక్కే. ఏ విమానంలో ఏముందో చెప్పే సరుకు పట్టీలు ఒక్కోచోట ఒక్కో తీరుగా వచ్చేవి. ఎడ్ గిల్బర్ట్ అనే అమెరికన్ సార్జెంట్ టెలెక్స్‌లోనైనా, రేడియోలోనైనా, ఫోన్‌లోనైనా ఒకే వరసలో పంపగల పట్టీ తయారుచేశాడు. ఆన్‌లైన్ దుకాణం, గోదాము, కొరియర్ ఇవాళ తమలో తాము మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌కు ఆద్యుడెవరని అడిగితే నేను ఏ ప్రోగ్రామర్ పేరూ చెప్పను, ఈ సార్జెంట్ పేరే చెబుతాను.

గిల్బర్ట్ తర్వాత డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. 1960లలో ఆ కంపెనీకీ, దాని సరుకు మోసే ట్యాంకర్ల సంస్థకూ మధ్య అదే పద్ధతిని ఎలక్ట్రానిక్ సందేశాలకు పట్టించాడు. 1968లో అమెరికా రవాణా సంస్థలు ఇందుకోసం ఒక సంఘం పెట్టుకున్నాయి. 1979లో ఈ సందేశాలకు ప్రమాణాలు రాసే ఎక్స్12 కమిటీ ఏర్పడింది. ఈడీఐ (ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్) అని మనం పిలిచేది ఈ సందేశాల పద్ధతినే.

ఇందులో ప్రతి కాగితానికీ ఒక అంకె. కొనేవాడు పంపేది 850: నాకు ఇవి కావాలి. సరుకు లారీ ఎక్కగానే వెళ్లేది 856: ఫలానా పెట్టెలో ఫలానావి ఉన్నాయి. బిల్లు 810. వీటి వెనకాలే తిరుగుతూ 997 అని ఒకటుంటుంది. మన రసీదుల్లో ‘ముట్టినది’ అని రాసి సంతకం పెడతామే, అది. మీ కాగితం అందింది, అంతవరకే. పంపుతానని మాటిచ్చినట్టు కాదు. ఆ మాటకు 855 వేరే ఉంది. ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లు 997 రాగానే ఆర్డర్ ఖాయమైందనుకుని దెబ్బతింటారు. అందడం వేరు, ఒప్పుకోవడం వేరు అని ఆనాటి కమిటీవాళ్లకు బాగా తెలుసు. తర్వాత వచ్చిన తరాలు ఈ తేడాను మర్చిపోయినప్పుడల్లా ఎవరో ఒకరి పార్సిల్ దారి తప్పింది.

ఈడీఐ మహా నిదానస్తురాలు. ఏ మార్పుకైనా కమిటీ కూర్చోవాలి, అందరూ ఒప్పుకోవాలి. 1997 నాటి 4010 వెర్షన్‌ను ఇవాళ్టికీ వాడే రిటైల్ కంపెనీలు కొల్లలు. సందేశాలు మోసే ప్రైవేటు నెట్‌వర్కులు అక్షరాల లెక్కన డబ్బు గుంజేవి. ఆ ఖర్చుకు మొదటి పెద్ద గండి కొట్టింది వాల్‌మార్ట్: 2002లో తన సరఫరాదారులంతా ఇంటర్నెట్ మీదుగా ఏఎస్2 పద్ధతిలోకి మారాలంది. అప్‌గ్రేడ్ అనేది అందరూ కలిసి తీసుకునే నిర్ణయంగా కాక ఒక్కరి హుకుంగా రావడం నాకు స్పష్టంగా కనబడేది అక్కడే.

ఈలోగా వెబ్ దుకాణాలు తెరుచుకున్నాయి. ముందు గుమ్మం అద్దాల మేడ, వెనక గోదాము మాత్రం పాతదే. 1999 క్రిస్మస్‌కు అమెరికాలో ఎన్నో బొమ్మలు పండగ దాటాక ఇళ్లు చేరాయి. ఆలస్యం సంగతి కొన్నవాళ్లకు సరిగా తెలియజేయలేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు కట్టగా, 2000 జూలైలో ఏడు కంపెనీలు మొత్తం 15 లక్షల డాలర్లు కట్టి రాజీపడ్డాయి. అదే ఏడాది నవంబర్‌లో ఈబే తన ఏపీఐని, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు తనతో నేరుగా మాట్లాడే దారిని, బయటి ప్రోగ్రామర్లకు తెరిచింది. అలా క్రమంగా చిన్న అమ్మకందారు కూడా తన లెక్కల పుస్తకాన్ని బజారుకు నేరుగా ముడివేసుకునే వీలు వచ్చింది. 2006లో అమెజాన్ తన గోదాముల్నే ఇతర విక్రేతలకు అద్దెకిచ్చింది. 2009లో విక్రేతల సాఫ్ట్‌వేర్ అమెజాన్‌తో మాట్లాడేందుకు ఎండబ్ల్యూఎస్ అనే ఏపీఐ వచ్చింది.

ముడి వేసుకున్నంత మాత్రాన సరిపోదు, ముడి ఎంత వేగంగా కదులుతుందన్నది కూడా లెక్కే. మా పిన్ని కూతురు మంగళగిరి చీరలు రెండు సైట్లలో అమ్ముతుంది. చేనేత చీర ఒక్కటంటే ఒక్కటే. రెండోది కావాలంటే మళ్లీ మగ్గం ఎక్కాలి. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ పదిహేను నిమిషాలకోసారి స్టాకు సరిచూసేది. ఆ సందులో ఒకే చీర రెండు చోట్లా అమ్ముడైంది. ‘ఉన్నది ఒక్క చీర, ఇద్దరికి ఎట్లా పంపను అన్నయ్యా?’ అని ఫోన్ చేసింది. ఒక ఆర్డర్ రద్దు చేసి రేటింగ్ పోగొట్టుకుంది. వెబ్‌హుక్‌లు వచ్చింది ఈ బాధకే: ఇటువైపు పదేపదే అడగనక్కర్లేదు, అమ్ముడైన మరుక్షణం అటువైపే కబురు పెడుతుంది. ఆ కబురు కూడా ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. అందుకే తెలిసినవాళ్లు వెబ్‌హుక్ పెట్టుకున్నాక కూడా రాత్రికోసారి పాత పద్ధతిలో లెక్క సరిచూస్తారు.

2019లో ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫై తన ఏపీఐ వెర్షన్లకు తేదీలే పేర్లుగా పెట్టింది. మూడు నెలలకొకటి పుడుతుంది, కనీసం ఏడాది బతుకుతుంది, తర్వాత పోతుంది. ఈ మార్పుల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఫుల్‌ఫిల్‌మెంట్ ఆర్డర్. పాత లెక్కలో ఆర్డర్ అంటే ఒకటే వస్తువుల పట్టీ. పంపేశామని దాని మీదే గుర్తు పెడితే చాలు. కానీ కొనుగోలుదారు మూడు వస్తువులు అడిగితే రెండు హైదరాబాద్ గోదాములోనూ ఒకటి బెంగళూరులోనూ ఉండవచ్చు. అందుకని ఆర్డర్‌ను గోదాముల వారీగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ విడిగా ఒప్పుకోలు, విడిగా పంపకం పెట్టారు. ఆర్డర్ అన్న మాటకే అర్థం మారిపోయింది. కోడ్‌లో నాలుగు లైన్లు మార్చి ఇక చాలనుకున్నవాళ్లు సగం పార్సిళ్లు పంపి మొత్తం పంపినట్టు చూపించారు.

అమెజాన్ 2020లో ఎస్పీ-ఏపీఐ అనే కొత్త ఏపీఐ తెచ్చి, 2024 మార్చి 31న పాత ఎండబ్ల్యూఎస్‌ను మూసేసింది. కొత్తదానిలో మొదట ప్రతి సందేశానికీ అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ తరహా డిజిటల్ సంతకం తప్పనిసరి. జనం తలలు బద్దలు కొట్టుకుని అది నేర్చుకున్నాక, 2023 అక్టోబర్‌లో ఆ నిబంధన తీసేశారు. ఆఖరి నిమిషం దాకా బద్ధకించినవాడికే ఇక్కడ లాభం దక్కింది. వినడానికి ఇబ్బందే, కానీ నిజం.

మన దేశానికి వచ్చేసరికి చిక్కు మరో రకం. 2007లో ఫ్లిప్‌కార్ట్‌లో మొదటి పుస్తకం కొన్నది మహబూబ్‌నగర్ పాఠకుడే. 2010లో ఆ కంపెనీ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. డబ్బు ముట్టాకే ఆర్డర్ అనుకునే విదేశీ సాఫ్ట్‌వేర్‌కు ఇది మింగుడుపడని వ్యవహారం. 1877 నుంచి వి.పి.పి. నడిపిన తపాలాశాఖకు మాత్రం కొత్త కాదు. సరుకు వెళ్లాలి, డబ్బు వెనక్కి రావాలి, తలుపు తీయకపోతే సరుకే వెనక్కి రావాలి. ఇలా సరుకు వెనక్కి రావడాన్ని ఆర్‌టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అంటారు. బండి రిజిస్ట్రేషన్‌కు ఏ సంబంధమూ లేదు, కానీ తిప్పట మాత్రం అంతే.

ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్) 2021 చివర్లో పుట్టింది. అందులో కొనే యాప్, అమ్మే యాప్, మోసే యాప్ విడివిడిగా ఉండి ఒకే ప్రోటోకాల్‌లో మాట్లాడుకుంటాయి. ‘కన్ఫర్మ్’ అని అడిగితే ముందు అందిందన్న కబురు, ఆ తర్వాత విడిగా ‘ఆన్_కన్ఫర్మ్’ అని అసలు జవాబు. 997, 855ల జంట కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టే.

వేదిక ఇచ్చే గడువును బతిమాలి పొడిగించుకోవచ్చు. సర్కారు గడువు ఆగదు. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ మండలి కొత్త రేట్లు ప్రకటించింది. అమలు 22 నుంచి. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పండగ అమ్మకాలు 23న మొదలు. రెడీమేడ్ బట్టల్లో ఒక్కో పీసు అమ్మకపు విలువ 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18. అంటే 2,600 కుర్తా మీద 18 శాతం పడాలి, దాని మీద 200 తగ్గింపు ఇస్తే 5 శాతమే. పన్ను ముందు లెక్కకట్టి తగ్గింపు తర్వాత వేసే సాఫ్ట్‌వేర్లన్నీ తిరగరాసుకోవాల్సిందే.

21 రాత్రి ఒకరు 3,500 రూపాయల జాకెట్ ఆర్డర్ చేసి డబ్బు కట్టేశారనుకోండి. ఆ క్షణాన కార్టు వేసిన పన్ను పాత రేటు ప్రకారం 12 శాతం. సరుకు కదిలేది, బిల్లు పుట్టేది 22న. చట్టం ఇక్కడ ఆర్డర్ తేదీని పట్టించుకోదు, బిల్లు తేదీని చూస్తుంది: 18 శాతం. కొనుగోలుదారు కట్టాల్సింది కట్టేశారు. మిగతా ఆరు శాతం విక్రేత జేబులోంచి పోతుంది, అదీ ఆ తేడాను సాఫ్ట్‌వేర్ పట్టుకుంటే.