వీలుకప్ తెచ్చే తప్పు రేట్లు

అమెరికా పన్ను లెక్కల కోసం ఇండియా బ్యాంకు వడ్డీని డాలర్లలోకి మార్చేటప్పుడు మనలో చాలామందికి ఎక్సెలే దిక్కు. ఒక షీటులో వడ్డీ జమలు, ఇంకో షీటులో రోజువారీ మారకపు రేట్లు ఉంటాయి. తేదీని బట్టి రేటు వెతికి తెచ్చే పని వీలుకప్‌ది. దొరక్కపోతే గడిలో "ఎన్/ఏ" అని పడుతుంది. అది చూసి కంగారు పడతాం గానీ, దొరకలేదని అది నిజమే చెబుతోంది. సరైనదిలా కనిపించే తప్పు అంకెతోనే అసలు చిక్కు.

ముందు తేదీలు చూడండి. మన బ్యాంకు స్టేట్‌మెంటులో 03/04/2025 అంటే ఏప్రిల్ 3. అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్లో ఆ సీఎస్‌వీ ఫైలు నేరుగా తెరిస్తే అది మార్చి 4 అయిపోతుంది. 25/04/2025 మాత్రం, 25వ నెల లేదు కనుక, ఒట్టి టెక్స్టుగా మిగిలిపోతుంది. అంటే 13 నుంచి 31 దాకా తేదీలకి ఎన్/ఏ వస్తుంది. 12 లోపు తేదీలకి వేరే రోజు రేటు వచ్చి నిక్షేపంగా కూర్చుంటుంది. ఎన్/ఏలు మాత్రమే చేత్తో దిద్దితే సగం తప్పు అలాగే ఉండిపోతుంది. ఫైలుని మళ్ళీ ఇంపోర్ట్ చేస్తూ, తేదీ వరుస రోజు-నెల-సంవత్సరం అని చెప్పడమే మందు.

తర్వాత నాలుగో ఆర్గ్యుమెంట్. అది రాయకుండా వదిలేస్తే ఎక్సెల్ ట్రూ అనుకుని, ఖచ్చితమైన జోడీ లేకపోయినా దగ్గరలోని చిన్న విలువతో సరిపెడుతుంది. ఖాతా నంబర్లు, షేర్ల కోడ్‌ల దగ్గర ఫాల్స్ రాయాల్సిందే. ఆదివారం రేటు లేనప్పుడు శుక్రవారం రేటు తెచ్చుకోవడానికి మాత్రం ట్రూ పనికొస్తుంది, రేట్ల పట్టిక పాత తేదీతో మొదలైతేనే. కొత్త తేదీ పైన ఉన్న పట్టికతో వచ్చే జవాబుని నమ్మలేం.

కంటికి ఒకేలా ఉన్న కోడ్‌లు కలవకపోతే చివర ఖాళీ ఉందేమో చూడండి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన ఖాళీ 160వ నంబరు అక్షరం కావచ్చు. ట్రిమ్ దాన్ని తియ్యలేదు, సబ్‌స్టిట్యూట్ వాడాలి.

ఇఫ్‌ఎర్రర్ పెట్టి ఎన్/ఏ స్థానంలో సున్నా వేసే అలవాటు మానుకోండి. షీటు అందంగా ఉంటుంది, వడ్డీ మొత్తం తగ్గిపోతుంది.

ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్ళకి ఎక్స్‌లుకప్ మేలు. ఏమీ చెప్పకపోతే ఖచ్చితమైన జోడీనే వెతుకుతుంది, మధ్యలో కాలమ్ చేర్చినా తికమక పడదు. తారుమారైన తేదీలని మాత్రం అదీ పట్టుకోలేదు.