ముంచితే పెళుసు విరిగే కంచు

ఎర్రగా కాగిన ఉక్కును నీళ్లలో ముంచితే బిగుసుకుని పెళుసెక్కుతుంది. నూటికి ఇరవై మూడు పాళ్లు తగరమున్న కంచు తీరు తలకిందులు: మెల్లగా చల్లారనిస్తే గాజులా పగులుతుంది, ఎరుపు మీదుండగానే ముంచితే పెళుసు విరుగుతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి తమిళనాడులోని ఒట్టపిడారం పేరు వింటే నాకు ఆ సీమ పాలెగాడు కట్టబొమ్మన కన్నా ముందు కంచు గిన్నెలే గుర్తొస్తున్నాయి.

ఆ ఊరున్న తూత్తుకుడి జిల్లాలోనే, తామిరబరణి ఒడ్డున ఆదిచ్చనల్లూరు ఉంది. 1876లో జర్మనీవాడు యాగోర్ అక్కడ తవ్వి, దొరికినవి బెర్లిన్‌కు పట్టుకుపోయాడు. 1899 నుంచి అలెగ్జాండర్ రే తవ్వించిన శ్మశానం 114 ఎకరాలు. పెద్దపెద్ద మట్టి బానల మధ్య జంతువుల బొమ్మలున్న కంచు మూతలు, పలుచని బంగారు నుదుటి రేకులు, కంచు గిన్నెలు బయటపడ్డాయి. లోహ పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ అక్కడి గిన్నెలను పరీక్షిస్తే, అవి ఈ తరహా కంచునే సుత్తితో సాగదీసి చేసినవని తేలింది.

బిళ్లను ఎర్రగా కాచి నాలుగు దెబ్బలు వెయ్యాలి. ఎరుపు తగ్గగానే సుత్తి ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. సుమారు 600 నుంచి 750 డిగ్రీల మధ్యే ఆ కంచు సాగుతుంది. అటూ ఇటూ అయితే పగులే. థర్మామీటరు లేదు, రంగే కొలత. యుద్ధాల తేదీలు బట్టీపట్టించిన మన చదువు, ఆ రంగు పట్టిన కంచరి కన్ను గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకదే కోపం.

శతాబ్దాలు దాటేద్దాం. కాకతీయుల నాటిదని చెప్పుకునే పెంబర్తి పనిలో ఇత్తడి రేకును చల్లగానే కొడతారు. కొట్టేకొద్దీ లోపలి కణాలు నలిగి గట్టిపడి, చివరికి చీలుతుంది. కాస్త ఎరుపెక్కేదాకా కాస్తే కొత్త కణాలు పుట్టి మళ్లీ మెత్తబడుతుంది. ఒకప్పుడు తిత్తుల గాలి, ఇప్పుడు గ్యాస్ టార్చి.

ఈ కాపు చాలక తెల్లదొరలు తూటాలే పోగొట్టుకున్నారు. మనదేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల గొట్టాలు వాటంతటవే చీలేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియాకు, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు తోడైందని 1921లో తేల్చారు. కాస్త కాచి ఆ బిగువు తీసెయ్యడమే మందు.

అల్యూమినియాన్ని కాచి మెత్తబరచాలంటే, రంగు పట్టే ఆ కన్ను కూడా పనిచెయ్యదు. ఎరుపెక్కకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగి కూలుతుంది. అందుకే రేకు మీద సబ్బు రుద్ది టార్చి చూపిస్తారు. సబ్బు నల్లబడగానే మంట తీసేసి, సుత్తి అందుకుంటారు.